చాయ్‌పానీ ఎవరి సొమ్ము?

ఇందల్వాయి చుట్టుపక్కల తండాల్లో మనం లంచాన్ని చాయ్‌పానీ అంటాం. పేరు చిన్నదైతే తప్పు చిన్నదవుతుందా?

2024 ఫిబ్రవరిలో గిరిజన సంక్షేమ శాఖ ఇంజనీరింగ్ అధికారి ఒకరిని 84,000 రూపాయల లంచం తీసుకుంటుండగా పట్టుకున్నామని హైదరాబాద్‌లో ఏసీబీ ప్రకటించింది. మన పిల్లల హాస్టళ్లు కట్టించే శాఖ అది. ఎక్కడైనా బిల్లు కోసం లంచమిచ్చినవాడు ఆ సొమ్మును సిమెంటులోనో ఇనుములోనో రాబట్టుకుంటాడు. చివరికి దాన్ని భరించేది కురిసే కప్పు కింద పడుకునే పిల్ల. ఆ బేరంలో ఆమెను ఎవరూ అడగలేదు. అందుకే లంచం ఇద్దరి మధ్య వ్యవహారం కాదు, మూడో మనిషి ఇంట్లో దొంగతనం.

మరి కుల సర్టిఫికెట్ కోసం గత్యంతరం లేక ఇచ్చే తల్లిదీ అదే తప్పా? కాదు. చట్టమూ ఆ తేడా చూస్తుంది. 2018 సవరణ ప్రకారం, బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే నేరస్థులు కారు. ఏసీబీ ఫోన్ నంబరు 1064. కానీ ఆమె ఒక్కతే ఎదురు నిలవలేదు. చదువుకున్న మనం పక్కన నిలవాలి.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. గ్రాంటు ఖర్చును చూసే హక్కు ఆ కమిటీది. సార్లు ఆ లెక్కను బడిగోడకు అంటించాలి. చదవలేనివారికి యువకులు గోర్‌బోలిలో వినిపించాలి. లెక్క అందరి చెవిన పడ్డ ఊళ్లో చాయ్‌పానీ అడిగే నోరు తడబడుతుంది.