భావనయు మనోరాజ్యమును

కూర్చున్న చోటనే మేడలు గట్టి, వానికి తానే యేలికయై మురియుటను పెద్దలు మనోరాజ్యమనిరి. ఆ కల్పనాశక్తియే భగవంతుని వైపు మరలినచో భావన యగును. ఈ రెండింటికిని గల భేదమును తెలిసికొనుటకు గోదాదేవి తిరుప్పావైకంటె మేలైన సాధనము లేదు. తిరుమలలో ధనుర్మాసమున సుప్రభాతమునకు బదులుగా పఠింపబడునవి ఆ 30 పాశురములే.

ఆ తల్లి ద్వాపరయుగమున బుట్టలేదు. పెరిగిన యూరు వ్రేపల్లెయు గాదు. అయినను శ్రీవిల్లిపుత్తూరునే వ్రేపల్లెగను, వటపత్రశాయి కోవెలను నందగోపుని గృహముగను, చెలులను గోపికలుగను భావించి వ్రత మాచరించెను. ఊహకు అడ్డేమున్నది? రుక్మిణిగనో, సత్యభామగనో తన్ను భావించుకొనవచ్చును. ఆమె మాత్రము వేకువనే లేచి యింటింటి తలుపు తట్టు గొల్లపడుచు అయ్యెను.

2వ పాశురమున వ్రతనియమములు గలవు. నేయి, పాలు విడచుట, వేకువ స్నానము, కాటుకయు పూలును మానుట, దానము చేయుట. ఇవి మన యిండ్లలో కొంతవరకైనను జరుగుచునే యున్నవి. (పొంగలి రుచిని గూర్చిన చర్చలో నేతి నియమము మరుగుపడుట వేరు విషయము.) చాడీలు చెప్పరాదను నియమము కూడ నచ్చటనే యున్నది. నేతిని విడచుటకంటె నిది కష్టము. చాడియు నొక కల్పనయే గదా! పొరుగువాని మనసున లేని దురుద్దేశమును మనమే సృష్టించి మరియొకరి చెవిని వేయుదుము. తిరుప్పావై విని వెలుపలికి వచ్చి, ప్రసాదము చేతనుండగనే తోడికోడలి గుణగణములను వర్ణించువారికి కల్పనాశక్తి కొరవడలేదు. అది పోవు త్రోవయే వేరు.

గోదాదేవి కల్పన పోయిన త్రోవ 4వ పాశురమున గోచరించును. మేఘము సముద్రమున దిగి, నీరు గ్రోలి, గర్జించి, మీదికెగసి నల్లబడును. ఆ నలుపున ఆమెకు స్వామి మేనికాంతియు, మెరుపున సుదర్శనమును, ఉరుమున పాంచజన్యమును, జడివానలో శార్ఙ్గమునుండి వెడలు శరపరంపరయు తోచినవి. అంతమాత్రమున మేఘమును మేఘము గాదనలేదు. లోకము బ్రతుకునట్లు కురియుమని వేడుకొన్నది. అంతకు ముందటి పాశురమున నెలకు మూడు వానలు, వరిచేలలో నెగురు చేపలు, కడవలు నింపు నావులు గలవు. అందులో తన పొలమనియు, పరుల పొలమనియు గట్టు లేదు.

ఇక ‘నేను’ అనుదాని సంగతి. 15వ పాశురము లోపలనున్న చెలికిని, వాకిట నిలిచినవారికిని జరిగిన సంవాదము. ఇంకను నిదురయా యని వారు ఎత్తిపొడిచిరి. ఆమె బదులు పలికెను. నీ మాటల నేర్పు మే మెరుగనిదా యని వారనగా, నేర్పరులు మీరేయని చెప్పి, మరుక్షణమే ఆ దోషము తనదే యగుగాక యని తలవంచెను. ఈ పలుకునందు పూర్వాచార్యులు వైష్ణవలక్షణమును దర్శించిరి. దోష మెవరిదని పంచాయితీ జరుగలేదు. తనయందు లేని తప్పును తనదిగా భావించుట చాడికి సరిగా నెదురుత్రోవ. ఒక గోడ కొరకు అన్నదమ్ములు ఏండ్ల తరబడి మాటలాడుకొనని యిండ్లు ఎన్ని లేవు! అట్టిచోట ఈ యొక్కమాట మొదట పలుకుటకు ఎవరికిని నోరు రాదు.

ఆ చెలికి వచ్చినది. అటుపిమ్మట ఆమె, అందరును వచ్చిరా యని యడిగెను. వెలుపలికి వచ్చి లెక్కించుకొనుమని వారనిరి. తరువాతి పాశురమున అందరును గూడి నందగోపుని వాకిట, ద్వారపాలకుని యెదుట నిలిచియున్నారు.