రెండో ఆదివారం సంత

అమ్మడూ, రెండో ఆదివారం షూటింగులకి సెలవు కదా. ఆ ఒక్క రోజూ నువ్వు రోడ్ నంబర్ 36లో ఏసీ కేఫ్‌లో కూర్చుని, ఫోన్లో పాతకాలం చీరల ఫొటోలు తిరగేస్తున్నావట. మీ అత్తయ్య చెప్పింది. కాస్ట్యూమ్స్‌లో చేరినదానివి, ఆ యావ ఉండాల్సిందే. కానీ సెలవన్నాక ఓ పూట సంత తిరగాలే పిల్లా. ఈ జూబ్లీహిల్స్‌లో సంతలెక్కడివి మామయ్యా అంటావేమో! కృష్ణానగర్‌లో నీ హాస్టల్ దాటితే యూసఫ్‌గూడ మెట్రో. అమీర్‌పేటలో రైలు మారి నాంపల్లిలో దిగావంటే అబిడ్స్ నడకే.

ఆదివారం అక్కడ పెద్ద షాపులన్నీ మూసేస్తారు. దించిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. ఎండ ముదరక ముందే వెళ్లు. వరసగా నిలబెట్టిన ఇంగ్లీషు నవలలనీ, పోటీ పరీక్షల గైడ్లనీ చూసుకుంటూ దాటిపో. కుప్ప కనబడితే మాత్రం గొంతుక్కూర్చుని కదుపు. అడుగున తెలుగు వారపత్రికలుంటాయి, అదృష్టం బాగుంటే పాత సినిమా పత్రికలు. మీ డైరెక్టరు అడిగే ‘డెబ్బైల లుక్’ హీరోయిన్ బొమ్మలో కంటే దాని పక్క పేజీ సబ్బు ప్రకటనలో బాగా తెలుస్తుంది. జాకెట్టు చెయ్యి ఎక్కడిదాకా ఉందో, పిల్లాడి చొక్కా కాలరు ఎంత వెడల్పో అందులో చూడు. అయితే డిపార్ట్‌మెంట్ లిస్టు పట్టుకుని మాత్రం వెళ్లకు. లిస్టు చేతిలో ఉంటే లిస్టులో ఉన్నవే కంటికి ఆనతాయి.

నవల కొంటే ముందు చివరి ఫారం ఉందో లేదో చూసుకో. హంతకుడెవరో తేలకుండా మిగిలిపోయిన డిటెక్టివ్ నవలలు మన అటక మీద చాలానే ఉన్నాయి! పుస్తకం నచ్చిందని అమ్మేవాడి ఎదుట కళ్లు పెద్దవి చెయ్యకు. వాడు ధర చెప్పేది నీ మొహం చూసి. బేరం ఆడు, ఆడకపోతే వాడికీ సరదా ఉండదు. ‘సగానికి సగం అడుగు’ అని నేర్పేవాళ్లుంటారు, ఆ మాట పట్టించుకోకు. ఆ జాగా వాళ్లకి వారానికి ఒక్క రోజే దక్కుతుంది, వాన పడితే అదీ లేదు. నాలుగు పుస్తకాలు ఒక్కసారే తీసి మొత్తం మీద తగ్గించమను, ఇద్దరికీ గిట్టుబాటు. అట్టముక్క మీద ‘ఏది తీసుకున్నా ఇంత’ అని రాసిపెట్టిన కుప్ప దగ్గర ఇక నోరెత్తకు. చిల్లర దగ్గర పెట్టుకో.

గురువారం ఎప్పుడైనా ఖాళీ దొరికితే మీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పిల్లల్ని వెంటబెట్టుకుని జుమ్మేరాత్ బజార్‌కీ వెళ్లు. పాత ఇనుము, బట్టలు, సామాన్లు అక్కడ. ఫోన్ మాత్రం బిల్లు లేకుండా ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకు. దొంగసొత్తయితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది నీ దగ్గరికే.

ఇక తిండి. కేఫ్‌లో ప్లేటు మీద పూలు పెట్టి తెచ్చేదాని కంటే బండి మీద మిరపకాయ బజ్జీ నాకెందుకు ఇష్టమంటే, అది నా కళ్ల ముందు పుడుతుంది. కాయ గాటు పెట్టి, శనగపిండిలో ముంచి, బాణలి అంచున జారవిడుస్తాడు. బుసబుసమని పొంగుతుంది. సగం వేగాక తీసి, జనం వచ్చాక మళ్లీ వేస్తాడు చూడు, ఆ రెండో వేపుడు బజ్జీ కరకరలాడుతుంది. దాన్ని చీల్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టి నిమ్మకాయ పిండితే, మీ అత్తయ్య వినకుండా చెబుతున్నాను, ఇంట్లో ఆ రుచి రాదు. నూనె నల్లగా తారులా ఉంటే ఆ బండి వదిలెయ్. ఆటోవాళ్లు నిలబడి తినే బండి దగ్గర ఆగు. సరుకు నిలవుండదు.

వేడివేడిగా దిగేది ఏదైనా తిను. చల్లారిన చట్నీ దగ్గరా, మయోనీజ్ దగ్గరా ఆగి ఆలోచించు. 2024 అక్టోబరులో మీకు ఆనుకునే ఉన్న బంజారాహిల్స్‌లో, నందినగర్ సంతలో మోమోలు తిని ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు, ఒకావిడ ప్రాణమే పోయింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. మోమోల మీద నాకేం పగ లేదు. పొగలు కక్కుతుండగా కారం చట్నీతో తిను, ఆ తెల్ల గుజ్జు వద్దను. మంచినీళ్ల సీసా ఇంటి నుంచే పట్టుకెళ్లు. పానీపూరీకి మాత్రం నీ సీసా నీళ్లు పనికిరావు కాబట్టి, ఆ కుండలోకి చెయ్యి ఎలా వెళుతోందో చూసి నిర్ణయించుకో.

తిరిగొచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్లు. 1935 నాటి రాతి కట్టడం, బాగు చేశాక మళ్లీ కళొచ్చింది. అక్కడ పండ్ల ఐస్‌క్రీమ్ తిను. సీతాఫలం కాలమైతే మరోటి అడగనే అడగకు.

విజయచిత్ర పాత సంచికలు కనబడితే నాకోసం తే. అట్ట లేకపోయినా ఫరవాలేదు, మధ్య పేజీల్లో బొమ్మలు కత్తిరించారేమో చూసుకో. డబ్బులు నేనిస్తాను, మీ అత్తయ్యకి మాత్రం ధర సగమే చెప్పు.