ఉక్కు పోసినవాని ధర్మము

యుద్ధమునందు శస్త్రము పట్టినవాని ధర్మమునుగూర్చి మన శాస్త్రములు విస్తారముగ చెప్పినవి. ఆ శస్త్రమునకు లోహము సిద్ధపరచినవాని మాట యేమి? అతడు రణభూమిని చూడడు. శత్రువు ముఖ మెరుగడు. దినమునకు ఎనిమిది గంటలు కొలిమి యెదుట నిలిచి, కూలి గైకొని యింటికి పోవును. యుద్ధపు పుణ్యపాపములలో వానికి భాగము కలదా? టాటానగరమును తలచినపుడు ఈ ప్రశ్న తప్పక పుట్టును. ఏలయన ఆ పేరే యుద్ధమువలన వచ్చినది.

మొదట నది సాక్చి యను గ్రామము. సమీపపు రైలుస్టేషను కాలీమాటి. 1912లో అచ్చట తొలి ఉక్కు తయారయ్యెను. రెండేండ్లకే ప్రథమ ప్రపంచయుద్ధము సంభవించెను. సాక్చి రైలుపట్టాలు మెసొపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికాలకు ఓడలపై పోయెను. 1919 జనవరి 2వ తేదీన వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు వచ్చి, ఆ సాయమునకు కృతజ్ఞత తెలిపి, గ్రామమునకు జంషెడ్‌పూరనియు స్టేషనుకు టాటానగరమనియు పేరులు పెట్టెను. ఆ యుద్ధమున ప్రాణములు విడిచిన భారతీయ సైనికులు డెబ్బదివేలకు పైబడినవారు. స్టేషను పలకపై పేరు చదువు ప్రయాణికులలో వారిని తలచువా రెందరో!

ద్వితీయ యుద్ధమునాటికి ప్రశ్న మరింత సూటియైనది. రైలుపట్టా ధాన్యమును మోయును, ఫిరంగిని మోయును. కవచపు రేకునకు అట్టి రెండవ యుపయోగము లేదు. కెనడానుండి వచ్చిన ఫోర్డు చట్రములపై జంషెడ్‌పూరు రేకులు బిగించి కవచశకటములు నిర్మించిరి. సైనికులు వానిని ‘టాటానగర్’ అనియే పిలిచిరి. ఉత్తరాఫ్రికా యెడారిలో భారతీయ సైనికులు వానిలో కూర్చుండి పోరాడిరి. లోపలివానికి ప్రాణము కాచిన రేకే యెదుటివానికి మృత్యువును దగ్గరకు తెచ్చెను.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. కర్మాగారములో పనిచేయుచున్న తెలుగువారికి యుద్ధము ఇక పరదేశవార్త కాదు. స్వంత తీరమునకే వచ్చినది. ఆగస్టులో ‘క్విట్ ఇండియా’ తీర్మానము జరిగి, నాయకులు కారాగారము పాలైరి. 20వ తేదీన జంషెడ్‌పూరు కార్మికులు పని నిలిపివేసిరి. వారు కూలి పెంపు కోరలేదు. జాతీయ ప్రభుత్వ మేర్పడువరకు పనికి రామనిరి. పదుమూడు దినములు కర్మాగారము మూతపడెను.

ఎడారిలో నున్నవాడును భారతీయుడే. వానికి అడ్డముగ నిలువవలసిన రేకు ఇచ్చట ఆగిపోయినది. ఇది ద్రోహమా? పరాధీనమైన జాతి తన చేతిపనిని తన యిష్టముమీద ఇచ్చుటకును మానుటకును అధికారము కోరుట ద్రోహమనుట న్యాయము కాదు. అయినను ఆ దినములను వట్టి వీరగాథగ చెప్పుకొనుట మిక్కిలి సులభము. తన నిర్ణయమునకు వేరొకడు ప్రాణముతో మూల్య మీయవలసి రావచ్చునను శంక సమ్మె చేసినవానికి ఉండవలసినదే. పనిచేసినవానికిని ఆ శంక తప్పదు. వాని రేకు వలనను ఎచ్చటనో ఒక తల్లికి కడుపుకోత కలుగును.

భారతము వనపర్వములోని ధర్మవ్యాధుని కథ ఇచ్చట స్మరింపదగినది. స్వధర్మముగ చేసిన ఏ వృత్తియు నింద్యము కాదనుటకు ఆ కథను చెప్పుట వాడుక. కాని వ్యాధుడు తన పని పవిత్రమని ఎన్నడు ననలేదు. తాను స్వయముగ చంపననియు, ఇతరులు చంపినదానిని అమ్ముదుననియు చెప్పుచునే, తన కర్మము నిస్సంశయముగ ఘోరమైనదని ఒప్పుకొనెను. నాగలి దున్ను కృషీవలుడు సైతము భూమిలోని ప్రాణులను చంపునని తెలిపెను; ఆ మాటను తన నిర్దోషిత్వమునకు సాక్ష్యముగ వాడుకొనలేదు. కౌశికుడంతటి బ్రాహ్మణుడు వ్యాధుని యింట కూర్చుండి వినినది ఈ నిజాయితీనే గదా! ‘నేను రేకు మాత్రమే చేసితి’నని చేతులు కడిగికొనువాడు వ్యాధునికి చాల దూరమున నున్నాడు. పాపమంతయు తనదే యని క్రుంగి పని విడుచువాడును అంత దూరముననే యున్నాడు.

పదుమూడు దినముల పిమ్మట కొలుములు తిరిగి మండెను. కోరిన ప్రభుత్వము రాలేదు. స్వాతంత్ర్యమునకు ఇంక నైదేండ్లు పట్టెను. ఈజిప్టులోని ఎల్ అలమైన్ శ్మశానవాటికలో, తమ మతాచారము ననుసరించి దహనము చేయబడిన ఆరువందలకు పైగా సైనికుల స్మారకమొకటి కలదు. వారి కెదురుగ పోరాడిన జర్మనుల, ఇటాలియనుల స్మారకములు అదే యెడారిలో, కొలది మైళ్ళ దూరమున నున్నవి.