చెంచా ఎవరి చేతిలో ఉంది?

బిడ్డకి ఆరో నెల వస్తోందంటే, అన్నప్రాశన ముహూర్తం కంటే ముందే కొనాల్సిన వస్తువుల లిస్టు తయారైపోతుంది. టేబుల్‌కి అతుక్కుపోయే గిన్నె, వేడి తగిలితే రంగు మారే చెంచా, సిలికాన్ బిబ్, కూరగాయల్ని ఉడికించి తనే రుబ్బిపెట్టే మెషీన్. వీటిలో ఏది అవసరం అంటే జవాబు తేలికే. ఒక చిన్న స్టీలు గిన్నె, అంచులు గుచ్చుకోని చెంచాలు రెండు, నీళ్ళకి బుల్లి గ్లాసు, మెడకింద కట్టడానికి పాత కాటన్ గుడ్డ. మెదపడానికి పప్పుగుత్తి ఇంట్లో ఉండనే ఉంది. కూర్చోబెట్టే చోటు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. వీపు నిటారుగా ఆనాలి. వెనక్కి వాలి తింటే ముద్ద గొంతుకి అడ్డుపడొచ్చు.

నన్ను ఆపేది ఇంకో ప్రశ్న. ఈ వస్తువులు ఎవరి అవసరం తీరుస్తున్నాయి? తోస్తే గిన్నె జారుతుంది, బోర్లిస్తే చప్పుడవుతుంది, అన్నం నేల మీద పడుతుంది. ఆరు నెలల మనిషికి ఇవన్నీ పెద్ద వార్తలే. గిన్నె కదలకూడదన్నది మన కోరిక. అందులో తప్పేం లేదు, ఆఫీసుకి టైమైపోతున్నప్పుడు మరీను. కానీ మన సౌకర్యాన్ని కొనుక్కుని దానికి బిడ్డ మీద ప్రేమ అని పేరు పెట్టుకోవడం దగ్గరే నాకు పేచీ.

మన దేశంలో 1992 నాటి చట్టం పాలపొడులకీ, పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వకూడదంది. తర్వాత 2003లో వచ్చిన సవరణ చంటిపిల్లల ఆహారాల్నీ అందులో చేర్చింది. గిన్నెలూ బిబ్‌లూ ఆ చట్టంలో లేవు, ఉండాలనీ నేననను. అయితే అమ్ముడయ్యే భయం ఒకటే: ఇది కొనకపోతే బిడ్డకి తక్కువ చేస్తున్నానేమో! ఇప్పుడు మినిమలిజం కూడా అదే భయం మీద బతుకుతోంది. నాలుగు వస్తువులే ఉన్న సెట్టు, కంటికి నెమ్మదైన లేతరంగులు, ధర మాత్రం నెమ్మది కాదు.

'ఇవేవీ లేకుండానే మా అమ్మ మమ్మల్ని పెంచలేదూ' అనే మాట కూడా నాకు సగమే రుచిస్తుంది. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, వేయించి, విసిరి, జల్లించి ఉగ్గుపొడి చేసింది ఎవరు? ఆ మాట అనే కొడుకు చేతికి పప్పుగుత్తి ఎన్నిసార్లు తగిలింది? ఇంట్లో వస్తువు తగ్గినంత మాత్రాన పని తగ్గదు, ఎవరో ఒకరి చేతుల మీద పడుతుంది. పెద్దవాళ్ళెవరూ దగ్గర లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ బిడ్డని సాకే తల్లి ఆ రుబ్బే మెషీన్ కొనుక్కుంటే దాన్ని ఆడంబరం అనడానికి నాకు నోరు రాదు.

1920లలో అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టరు, అప్పుడే పాలు మానిన పిల్లలు తమంతట తామే తిండి ఎంచుకోగలరా అని ఒక ప్రయోగం మొదలుపెట్టింది. (పిల్లల్ని నెలల తరబడి, కొందర్ని ఏళ్ళ తరబడి ఇంటికి దూరంగా ఉంచింది. ఇవాళైతే ఎవరూ ఒప్పుకోరు.) ట్రే నిండా గిన్నెలు, ఒక్కో దాంట్లో ఒక్కో సాదా తిండి. నర్సు చెంచా పట్టుకుని ఊరికే కూర్చోవాలి. బిడ్డ చెయ్యి చాచినప్పుడో, వేలు చూపినప్పుడో మాత్రమే చెంచా నింపాలి. నోరు తెరిస్తేనే పెట్టాలి. ఏం తిన్నా మెచ్చుకోలూ మందలింపూ ఉండకూడదు. ట్రేలో ఏముండాలన్నది మాత్రం పెద్దలే తేల్చారు. ఆ పట్టికను మరిచి, ఈ ప్రయోగాన్ని పిల్లల సహజజ్ఞానానికి రుజువుగా చెప్పుకుంటారు గానీ, నా కళ్ళు ఆ నర్సు చేతి మీదే ఆగుతాయి. చెంచా చేతిలో ఉండి కూడా కదపకపోవడం ఎంత కష్టమో, 'ఇంకొక్క ముద్ద' అంటూ బిడ్డ వెంట తిరిగే ఇళ్ళలో అందరికీ తెలుసు.

రెండు చెంచాలన్నది అందుకే. ఒకటి బిడ్డ చేతికి. అది నోటికి చేరొచ్చు, చెవికి చేరొచ్చు, కింద పడొచ్చు. మూడోసారి పడ్డాక కూడా కడిగి తిరిగి ఇవ్వాలి. నేల మీద పాత చీర పరిస్తే సరిపోతుంది, ప్రత్యేకంగా మ్యాట్ అక్కర్లేదు. ఆ చీర రోజూ ఉతికేది ఎవరన్నది మాత్రం, మొదటి ముద్దకి ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.