స్త్రీల ప్రయాణము - ప్రయోజనము

పురుషుడు చెప్పులు తొడిగికొని వీధిలోనికి వచ్చినచో “ఎక్కడికి?” అని యడుగువారు కొందఱుందురు, “ఎందుకు?” అని యడుగువారు లేరు. స్త్రీ గడప దాటినచో ఈ రెండు ప్రశ్నలును వెంటనే పుట్టును. ఈ భేదమును మేము చిరకాలము గమనింపలేదు. మా చదువును మాకు తోడ్పడలేదు. మన యాలంకారికులు నాయికల నెనిమిది విధములుగా విభజించి, రాత్రివేళ ప్రియుని కలిసికొనుటకు వెడలు స్త్రీకి అభిసారిక యని పేరు పెట్టిరి. జ్వరము తగిలిన బిడ్డకు మందు తెచ్చుటకై చీకటిలో వెడలు తల్లికి వారు పేరు పెట్టలేదు. ఆంగ్లమున వర్జీనియా వుల్ఫ్ 1927లో ప్రకటించిన యొక వ్యాసమునందు, సాయంకాలము లండను వీధులలో తిరుగుటకు పెన్సిలు కొనుట యను నెపము కల్పింపబడినది. ఆ వ్యాసమును పలుమాఱులు చదివి యానందించితిమి గాని, ఆ నెప మేల కావలసివచ్చెనో విచారింపనైతిమి.

మాచేత విచారింపజేసినది గోదావరిఖని బస్సు. 2023 డిసెంబరు 9వ తేదీ మొదలుకొని తెలంగాణములో బాలికలును, స్త్రీలును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులును రాష్ట్రపు టెల్లలలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులయందు రుసుము లేకయే ప్రయాణము చేయుచున్నారు. కండక్టరు వారికి జీరో టిక్కెట్టు నిచ్చును. ఆ క్రొత్త దినములలో నొకనాడు, చోటు దొరకక నిలుచుండి పోవుచున్న మేము ప్రక్కనున్న మిత్రునితో, “ఊరక వచ్చినది గదా యని పనిలేకయే తిరుగుచున్నారు” అంటిమి. మాట కొంచెము బిగ్గరగా వెలువడినది కాబోలు. కిటికీ చెంత కూర్చుండిన నడివయస్సు స్త్రీ తలయెత్తి, “మీరెందుకు పోతున్నరని నేనడిగిన్నా సారూ?” అన్నది.

మేమప్పుడు పోవుచున్నది చదరంగ మాడుటకు.

ఈ యుచితప్రయాణము దానమా, న్యాయమా యని పెద్దలు వాదించుచున్నారు. డబ్బిచ్చిన పురుషుడు నిలుచుండవలసి వచ్చుటయు, ఆటోవాండ్రకు బేరములు తగ్గుటయు నిజమే. ఆటో నడపువాని నష్టమునకు ప్రభుత్వము వేఱొక యుపాయము చూపవలసినదే గాని, స్త్రీలు ఇంట కూర్చుండి దానిని తీర్పవలెననుట పాడిగాదు. మఱియొక సంగతి. డబ్బు మగవాని జేబులో నుండు సంసారములు మనలో నెన్ని లేవు? అట్టి యింట బస్సు ఛార్జి యడుగుట యనగా అనుమతి యడుగుటయే. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు వత్తువు అను ప్రశ్నలన్నియు ఆ చిల్లరతోనే చేతిలో పడును. జీరో టిక్కెట్టు తీసివేసినది రూపాయలను మాత్రమే కాదు, ఆ యడుగుటను కూడ.

అయినను టిక్కెట్టు బస్సును పుట్టింపదు. మా యూరి పేరులోనే ఖని యున్నది. ఊరి గడియారము మూడు షిఫ్టులతో తిరుగును. గనికార్మికుని ప్రయాణము సూటియైన గీత: క్వార్టరునుండి గనికి, గనినుండి క్వార్టరుకు. ఆయన భార్య ప్రయాణము ముడులు పడిన దారము: బడి, రేషను దుకాణము, ఆసుపత్రి, కూరగాయల బజారు, మరల బడి. గీతను లెక్కించుట సులభము. జీతము వచ్చుపని కావున దానికి పని యను పేరును గలదు. ముడులను లెక్కించువా రెవరు? ఆమెకు కావలసినది తెల్లవాఱుజామున నిండిపోవు బస్సు కాదు. మధ్యాహ్నము పదునొకండు గంటలకు వచ్చు బస్సు, చంకలో బిడ్డతో నెక్కదగిన మెట్టు, దీపము వెలుగు స్టాపు, బొగ్గు లారీల చక్రముల కెడముగా నుండు కాలిబాట.

స్వీడను దేశమున కార్ల్స్‌కూగా యను పట్టణమువారు, మంచు పడినప్పుడు పెద్దరోడ్లను ముందు శుభ్రపఱచు నలవాటును మార్చి, కాలిబాటలకును శిశువిద్యాలయముల దారులకును మొదటి వంతు నిచ్చిరి. మంచులో కారు నడపుటకంటె బిడ్డను కూర్చుండబెట్టిన బండిని త్రోయుట కష్టమని వారికి తోచినది. తోచుటకు వేఱు శాస్త్ర మక్కఱలేదు. మనకు మంచు లేదు, బొగ్గుధూళి కలదు. ముందెవరి దారి యను ప్రశ్న యిచటను నదియే.

1952 నాటి గనుల చట్టము స్త్రీని భూగర్భమున పనిచేయనీయలేదు. 2019లో కేంద్రప్రభుత్వము దానిని సడలించి, పగటివేళ భూగర్భమందలి సాంకేతిక, పర్యవేక్షక కార్యములకును, రాత్రివేళ ఓపెన్‌కాస్టు గనులలో పనికిని స్త్రీల ననుమతించినది. మంచిదే. ఇపుడు స్త్రీకిని సూటిగీత యొకటి లభించినది. అయితే పాతముడులు ఎవరైన విప్పుకొనిరా? రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన యామెయే బిడ్డను బడికి పంపవలెను. బజారుకును నామెయే పోవలెను. ఆ దారులను గీయువారు ఇంటిలో మొదట పనులు పంచుకొని చూచినచో, పటమునందు ఏ సందు ఏ గడియకు నిండునో వారికే తెలియును.

ఆనాటి బస్సులో మేము బదులు చెప్పలేకపోతిమి. మిత్రుడు కిటికీ వెలుపలికి చూచుచుండెను. చౌరస్తాలో బస్సు ఆగినది. ఆ స్త్రీ లేచి, తన చోటు చూపి, “కూసోండ్రి సారూ” అని దిగిపోయినది. ఎటు పోయినదో మేము చూడలేదు.