చుండెలుకల లెక్క

గాదెలోని ఎలుకను చంపుటకు నీవు వెనుదీయవు. రోగముతోనే పుట్టునట్లు చేయబడిన చుండెలుకను గూర్చి ఏమందువు?

మన రక్తములోని రక్షక కణములకు ఒక కళ్లెమున్నది. 1995లో అమెరికా, కెనడా శాస్త్రజ్ఞులు ఆ కళ్లెమునకు మూలమైన జన్యువును తీసివేసి చుండెలుకలను పుట్టించిరి. కాపాడవలసిన కణములే వాటి దేహముమీద పడెను. మూడు నాలుగు వారములలో అవి చచ్చెను. అందువలన కళ్లెము పని రూఢియాయెను. దానిని సడలించి క్యాన్సరుతో పోరాడించు మందునకు 2011లో అమెరికాలో అనుమతి దొరకెను; దానివలన కొందరు రోగులు అనేక సంవత్సరములు బ్రదికిరి.

ఇది తప్పా? రోగి మంచము ప్రక్కన కూర్చున్నవాడు తప్పనలేడు. అయినను ఆ ప్రాణి తన ప్రాణమును ఇయ్యలేదు, మనమే తీసికొంటిమి. ఇచ్చినదానికి వందనములు చాలును. తీసికొన్నదానికి లెక్క అప్పగింపవలెను. కావున అవసరమునకు మించి ఒక్కటియు చావకూడదు, తప్పింపగల బాధ ఒక్కటియు పడకూడదు.