పొలములోని సమాధులు

పఠనము: ఆదికాండము 49:29-33

ఢిల్లీలోని ద్వారక ఒకప్పుడు పల్లెల పొలములే. పొలములు చేతులు మారును, గట్లు చెరుగును. అచ్చట కాపురముండు తెలుగు విశ్వాసి స్వగ్రామపు పొలములో పూర్వికుల సమాధులను వెదకబోయినను, పేరులేని మట్టిదిబ్బలే కనబడవచ్చును. ఏది ఎవరిదో చెప్పగల వృద్ధులును గతించియుందురు.

147 ఏండ్ల యాకోబు ఐగుప్తులో మరణశయ్యపైనుండి, అబ్రాహాము 400 తులముల వెండికి కొనిన మక్పేలా పొలములో పాతిపెట్టబడినవారిని కుమారులకు పేరుపేరున చెప్పెను: అబ్రాహాము, శారా, ఇస్సాకు, రిబ్కా, లేయా. తండ్రి నోటిమాటయే వారికి దాఖలా.

పెద్దలారా, తెలిసిన పేర్లను నేడే పిల్లలచేత వ్రాయించుడి. తెలియనివారినిగూర్చి కలవరపడకుడి. ఆ పితరులు దేవుని యెదుట జీవించుచున్నారని యేసు సద్దూకయ్యులకు బోధించెను (లూకా 20:37, 38). మన్ను చెరిపిన పేరు ఆయనకు మరుపురాదు.

ప్రార్థన: ప్రభువా, మరువబడినవారిని నీవెరుగుదువు. నీ ప్రజలను పునరుత్థాన నిరీక్షణలో నిలుపుము. ఆమేన్.